గొట్టం దగ్గర సరే, బురదలో ఎంత?

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం దక్షిణపు కొసన పాలో ఆల్టో నగరపు మురుగుశుద్ధి కేంద్రం ఉంది. అది నీళ్లు వదిలే చోటికి కిలోమీటరు దూరంలో, పోటుకు మునిగి ఆటుకు తేలే బురద నేల ఒకటి ఉంది. అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు 1970ల నడిమి నుంచి ఆ బురదను తవ్వి మాకోమా అనే చిన్న గుల్లలను ఏరుతున్నారు. గుల్ల మాంసాన్ని ఎండబెట్టి, గ్రాముకు ఎంత రాగి ఉందో చూస్తారు. 1980లో సగటున 287 మైక్రోగ్రాములు వచ్చింది. 1991 నాటికి అది 24కు దిగింది. శుద్ధి కేంద్రం నుంచి అఖాతంలోకి పోయే రాగి ఏ ఏడు తగ్గితే ఆ ఏడు గుల్లలోనూ తగ్గుతూ వచ్చింది. అంతకన్నా పెద్ద విషయం మరొకటి బయటపడింది. 1974 నుంచి 80ల నడిమి దాకా ఆ గుల్లల్లో పునరుత్పత్తి దెబ్బతింది. గుడ్లు, వీర్యకణాలు సరిగా తయారయ్యేవి కావు. లోహాలు తగ్గాక మళ్లీ తయారయ్యాయి. ఆహారం, ఉప్పదనం, బురద స్వభావం వంటి ఇతర కారణాలేవీ ఆ మార్పు జరిగిన కాలంతో పొసగలేదు. అయితే నేరం రాగి ఒక్కదానిదేనని శాస్త్రవేత్తలు అనలేదు. అదే గొట్టంలో వెండి కూడా వచ్చేది, దాని మోతాదూ అదే కాలంలో పడిపోయింది.

ఆ బురదకు చుట్టుపక్కల ఉన్న సన్నీవేల్, శాంటాక్లారా, ఫ్రీమాంట్ పేర్లు ఇవాళ తెలుగు ఇళ్లలో కొత్తవి కావు. మనవాళ్లు అక్కడ సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. వాళ్లు వెళ్లకముందు ఆ లోయలో చిప్‌లూ సర్క్యూట్ బోర్డులూ తయారయ్యేవి, ప్లేటింగ్ షాపులు నడిచేవి. సిలికాన్ పేరు పెట్టుకున్నా, ఆ లోయ రాగి మీదా అంతే నడిచింది. గుల్లల్లో రాగి తగ్గిన ఆ పదేళ్లు అక్కడి పరిశ్రమకు మంచి ఊపున్న పదేళ్లే. కార్ఖానాలు మూతపడటం వల్ల బురద బాగుపడింది అనడానికి లేదు. మరి ఎలా బాగుపడింది? ప్లేటింగ్ వ్యర్థజలాల గురించి మన కాలుష్య నియంత్రణ వ్యవస్థ ఆలోచించవలసిన ప్రశ్న అదే.

ముందు రాగి నీళ్లలోకి ఎలా చేరుతుందో చూడాలి. లోహపు పూత వేసే ద్రావణాన్ని బాత్ అంటారు. ఆమ్ల రాగి బాత్‌లో లీటరుకు సుమారు 50 గ్రాముల రాగి కరిగి ఉంటుంది. అందులోంచి పైకి తీసిన వస్తువు ఒంటినిండా ఆ తడితోనే వస్తుంది. దాన్ని పక్క తొట్టిలో నీళ్లతో కడుగుతారు. తొట్టి పగలడం, బాత్ ఒలికిపోవడం ఎప్పుడో జరిగే ప్రమాదాలు. రోజూ, ప్రతి షిఫ్టులో, ఎవరూ తప్పు చేయకుండానే బయటికి పోయేది ఈ కడుగు నీళ్లలోని రాగి. గంటకు ఒక్క లీటరు బాత్ ఇలా వస్తువుల వెంట పోయిందనుకుందాం. అందులో 50 గ్రాముల రాగి ఉంటుంది. మన దేశంలో పరిశ్రమ వదిలే నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల రాగి ఉండొచ్చు. ఆ 50 గ్రాములను ఆ స్థాయికి పలచన చేయడానికి దాదాపు 16,700 లీటర్ల నీళ్లు చాలు. కానీ నీటి జీవుల సంగతి వేరు. ఓ మోస్తరు కాఠిన్యం ఉన్న మంచినీటిలో అవి దీర్ఘకాలం తట్టుకోగల పరిమితిగా అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చాలాకాలం వాడిన అంకె లీటరుకు 9 మైక్రోగ్రాములు. అక్కడిదాకా దించాలంటే అదే 50 గ్రాములకు 55 లక్షల లీటర్లకు పైగా కావాలి. చట్టం ఒప్పుకునే నీటికీ చేప ఒప్పుకునే నీటికీ మధ్య మూడు వందల రెట్లకు పైగా ఎడం ఉంది. ఆ ఎడాన్ని నది పూడుస్తుందని మన చట్టం నమ్మకం. వేసవిలో పారే నీళ్లన్నీ మురుగే అయిన వాగు దాన్నెలా పూడుస్తుందో చెప్పవలసింది ఆ చట్టం రాసినవాళ్లే.

లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని పరిమితి పెట్టడంలో ఇంకో తిరకాసు ఉంది, దాని మీద చర్చ తక్కువ. పైన చెప్పిన షాపులోనే కడుగు నీటిలో బాత్ అంశం వెయ్యో వంతుకు తగ్గాలనుకోండి. ఒకే తొట్టిలో కడిగితే గంటకు వెయ్యి లీటర్లు పారించాలి. రెండు తొట్లు వరసగా పెట్టి, వస్తువు ముందుకు నడుస్తుంటే నీరు వెనక్కి పారేలా అమరిస్తే 32 లీటర్లు సరిపోతాయి. మూడు తొట్లయితే పది లీటర్లు చాలు. ఆ కొద్ది నీటిలో రాగి చిక్కగా ఉంటుంది. కొంత తిరిగి బాత్‌లోకే పోయొచ్చు, విద్యుత్తుతో రేకుగా రాబట్టి అమ్ముకోవచ్చు కూడా. నీరు ఆదా చేసిన ఈ షాపు నమూనాలో అంకె పెద్దదిగా కనిపిస్తుంది. బోరు నీళ్లు ధారాళంగా పారించి అదే రాగిని పలచగా వదిలే పక్క షాపు నమూనాలో చిన్నదిగా కనిపిస్తుంది. తనిఖీ అధికారి సీసా పట్టుకుని వస్తే ఎవరు పాసవుతారో వేరే చెప్పక్కర్లేదు. రోజుకు ఎన్ని గ్రాముల రాగి బయటికి పోయిందని అడిగితే ఇద్దరి నిజమూ ఒకేసారి తేలుతుంది.

శుద్ధి చేయడం తెలియని విద్యేమీ కాదు. సయనైడ్ బాత్ నీళ్లయితే ముందు క్షార స్థితిలో క్లోరిన్‌తో సయనైడును విరగ్గొట్టాలి. తర్వాత సున్నమో కాస్టిక్ సోడానో కలిపి పీహెచ్‌ని 9 దగ్గరికి తెస్తే, రాగి హైడ్రాక్సైడుగా మారి అడుగుకు దిగుతుంది. దాన్ని వడగట్టి ఫిల్టర్ ప్రెస్‌లో పిండి, ఎండిన మడ్డిని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. హైదరాబాద్‌కు దుండిగల్‌లో, విశాఖకు పరవాడలో అలాంటి కేంద్రాలున్నాయి. చిక్కంతా సర్క్యూట్ బోర్డుల దగ్గర వస్తుంది. బోర్డు రంధ్రాల్లోపల కరెంటు లేకుండా రాగి పొర ఎక్కించే ద్రావణంలో ఈడీటీఏ లాంటి పదార్థం ఉంటుంది. అక్కర్లేని రాగిని కరిగించి తీసేసే ద్రావణాల్లో అమ్మోనియా ఉంటుంది. ఇవి రాగిని గట్టిగా చుట్టేసుకుంటాయి. సున్నం ఎంత పోసినా అది నీటిలోనే నిలుస్తుంది. అంతకన్నా పెద్ద ముప్పు, ఈ నీళ్లు మామూలు కడుగు నీళ్లతో ఒకే గుంటలో కలిస్తే, తేలిగ్గా దిగిపోవలసిన రాగిని కూడా అవి పట్టి ఆపేస్తాయి. చిన్న షాపుల్లో అన్ని నీళ్లకూ ఒకటే గుంట ఉండటం మామూలు. లీటరుకు 3 మిల్లీగ్రాముల రాగి ఉన్న నీటికి కంటికి కనిపించే రంగంటూ ఉండదు. నీరు తేటగా ఉందంటే శుద్ధి అయినట్టేనని గుమాస్తా నుంచి యజమాని దాకా అందరూ నమ్ముతారు.

ఇంత చేసి రాగి చేసే హాని ఏమిటి? క్రోమియం, సీసం, సయనైడ్ అంటే ఉలిక్కిపడతాం. రాగి చెంబులో నీళ్లు తాగమని పెద్దలు చెప్పగా విన్నవాళ్లం, రాగి పేరు చెబితే ఉలిక్కిపడం. పెద్దల మాటలో అబద్ధం లేదు. మన శరీరానికి రాగి అవసరం, ఎక్కువైన దాన్ని కాలేయం పిత్తంతో బయటికి పంపేస్తుంది. అందుకే తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 2 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటుంది. మన తాగునీటి ప్రమాణం 0.05 మిల్లీగ్రాములు ఉండాలంటూ, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా సర్దుకోమంటుంది. రొయ్య, పీత, నత్తల రక్తంలో ప్రాణవాయువును మోసేదే రాగి. అయితే అవసరమైన లోహమే, మోతాదు కాస్త మీరితే, నీటి జీవులకు మొదటి శత్రువవుతుంది. చేప మొప్పల మీద కూర్చుని, నీటిలోంచి సోడియం లోపలికి తీసుకునే దారిని మూసేస్తుంది. ఉప్పు కోల్పోతూ చేప నీరసించి చస్తుంది. చావుకు చాలని మోతాదులోనూ మరో దెబ్బ ఉంది. వాసన పట్టే నాడీకణాలు మొద్దుబారతాయి. సహజంగా ఉన్నదానికి పైన లీటరుకు రెండు మూడు మైక్రోగ్రాముల రాగి చేరితేనే కోహో సాల్మన్ పిల్లలకు వాసన శక్తి కొంత పోతుందని అమెరికా పరిశోధకులు చూపించారు. శత్రువు దగ్గరికి వచ్చినా అవి కదలకుండా ఉండాల్సిన చోట కదులుతూనే ఉంటాయి. అలాంటి చేప ఏ నివేదికలోనూ చచ్చిన చేపల లెక్కకు రాదు.

రాగి చంపే శక్తి మన రైతుకు కొత్తగా చెప్పాల్సిందేం కాదు. మైలుతుత్తంలో సున్నం కలిపి బోర్డో మిశ్రమం కొట్టేది బూజును చంపడానికే. చెరువులో నాచు పెరిగితే రొయ్యల రైతులు కొందరు చల్లేదీ ఆ మైలుతుత్తమే. ఎక్కువైతే రొయ్యకే ముప్పని వాళ్లకు తెలుసు. అదే లోహం నాలాలోంచి వచ్చినప్పుడు మాత్రం ఏ జీవినీ తాకదని ఎలా అనుకుంటాం? మురుగుశుద్ధి కేంద్రంలో పనిచేసేవి సూక్ష్మజీవులు. రాగి ఎక్కువ వస్తే వాటిలోనూ అమ్మోనియాను మార్చే రకాలు ముందు దెబ్బతింటాయి. చావకుండా మిగిలినవి రాగిని పట్టి ఉంచుకుంటాయి కనుక అది మడ్డిలోకి చేరుతుంది. మడ్డి ఎరువుగా పొలానికి పోతుంది. మట్టిలో చేరిన రాగి కొట్టుకుపోదు, కుళ్లదు, ఆవిరికాదు. సేంద్రియ పదార్థానికీ బంకమట్టికీ అంటుకుని పై జానెడు పొరలోనే ఉండిపోతుంది. వానపాములు మసిలేదీ, పప్పుధాన్యాల వేళ్లకు బుడిపెలు కట్టే బ్యాక్టీరియా బతికేదీ ఆ పొరలోనే. ఫ్రాన్స్‌లో తరాల తరబడి బోర్డో మిశ్రమం కొట్టిన ద్రాక్షతోటల మట్టిలో ఆ రాగి ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మన నిబంధనలు చూద్దాం. పర్యావరణ పరిరక్షణ నియమాల్లోని సాధారణ ప్రమాణాల పట్టికలో రాగికి నదుల్లోకైనా, నగర మురుగు కాల్వలోకైనా, సముద్రంలోకైనా ఒకటే అంకె, 3 మిల్లీగ్రాములు. సాగుకు మళ్లించే నీటి గడిలో రాగికి అంకే లేదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాగునీటికి సూచించిన పరిమితి లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నదులను వినియోగాన్ని బట్టి తరగతులుగా విడదీసింది. చేపలు, వన్యప్రాణులు వృద్ధి చెందాల్సిన ‘డి’ తరగతి నీటికి పీహెచ్, కరిగిన ఆక్సిజన్, స్వేచ్ఛా అమ్మోనియా చూస్తే చాలట. లోహాల ఊసు లేదు. 2017లో నగర మురుగుశుద్ధి కేంద్రాలకు పెట్టిన ప్రమాణాల్లోనూ పీహెచ్, బీఓడీ, తేలియాడే ఘన పదార్థాలు, మలసంబంధ కోలిఫాం తప్ప లోహం లేదు. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వైపు నుంచి కూకట్‌పల్లి నాలా హుస్సేన్‌సాగర్‌కు దశాబ్దాలుగా మోసిందేమిటో నగరమంతటికీ తెలుసు. ఇప్పుడు మూసీ వెంట కొత్త కేంద్రాలు కడుతున్నాం. వాటిని నడిపేవాళ్లు తమ దగ్గరికొచ్చే రాగి గురించి ఎవరినీ అడగనక్కర్లేదు. ఎందుకంటే వాళ్లనెవరూ అడగరు.

పాలో ఆల్టోలో జరిగింది సరిగ్గా దీనికి విరుద్ధం. అమెరికా జాతీయ ప్రమాణాలు మనకన్నా గొప్పవేం కావు. లోహ పూత పరిశ్రమకు 1983లో వాళ్లు పెట్టిన అంకె రోజుకు గరిష్ఠంగా 3.38, నెల సగటున 2.07 మిల్లీగ్రాములు. తేడా ఆ అంకెలో లేదు. శుద్ధి కేంద్రానికి ఇచ్చే అనుమతి పత్రంలోనే అఖాతంలోకి పోయే రాగికి మైక్రోగ్రాముల్లో పరిమితి ఉంటుంది. దాన్ని దాటితే జరిమానా నగరపాలక సంస్థకే పడుతుంది. అందుకని నగరం తన కాల్వలోకి నీళ్లు వదిలే ప్రతి షాపు మీదా జాతీయ ప్రమాణం కన్నా కఠినమైన స్థానిక పరిమితి పెట్టింది. షాపుల మూతి దగ్గర ఆగలేదు కూడా. ఇళ్ల రాగి గొట్టాలు అరిగి వచ్చే రాగిని లెక్కేశారు. మురుగు గొట్టాల్లో చెట్ల వేళ్లు చంపడానికి పోసే కాపర్ సల్ఫేట్ అమ్మకాన్ని అఖాతం చుట్టూ ఉన్న కౌంటీల్లో నిషేధించారు. పరిశ్రమల వాటా దిగాక వాననీటితో కొట్టుకొచ్చే రాగి మిగిలింది. దాని మూలం కార్ల బ్రేకు ప్యాడ్లని తేలింది. 2010లో కాలిఫోర్నియా చట్టం చేసింది. 2021 నుంచి అమ్మే ప్యాడ్లలో రాగి 5 శాతం, 2025 నుంచి అర శాతం మించకూడదు. నీటిలో ఎంత ఉండొచ్చో ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి నడిచి ఒక్కో గొట్టం దాకా వచ్చారు. మనం గొట్టం దగ్గర మొదలై గొట్టం దగ్గరే ఆగిపోతాం.

పరిశ్రమ వాళ్లు దీనికి ఒక అభ్యంతరం చెబుతారు, అది ఉత్త సాకు కాదు. రాగి మొత్తం ఎంతన్నది కాదు, విడిగా తిరిగే రాగి అయాన్ ఎంతన్నదే జీవులకు ముఖ్యం. కఠిన జలంలో కాల్షియం మొప్పల దగ్గర రాగికి అడ్డు నిలుస్తుంది. కుళ్లిన ఆకుల నుంచి వచ్చే సేంద్రియ పదార్థం రాగిని పట్టి ఉంచుతుంది. అమెరికా సంస్థ కూడా 2007లో పాత కాఠిన్యపు సూత్రాన్ని పక్కనపెట్టి, ఇవన్నీ కలిపి లెక్కించే పద్ధతికి మారింది. దక్షిణ అఖాతానికే అక్కడి నీటిని పరీక్షించి రాగి పరిమితిని 6.9 మైక్రోగ్రాములుగా సడలించి నిర్ణయించారు. మన దక్కను నీళ్లు గట్టివి, మురుగు కలిసిన వాగుల్లో సేంద్రియ పదార్థం దండిగా ఉంటుంది. కాబట్టి అమెరికా అంకెను ఎత్తుకొచ్చి మూసీ మీద పెట్టమని నేనూ అనను. మూసీకి దాని నీళ్లు పరీక్షించే పరిమితి కట్టాలి. కానీ కఠిన జలం వాదన వినిపించేవాళ్లు ఆ పరీక్ష చేయించమని ఎన్నడూ అడగరు. ఆ వాదన చేరేది 9 కాకపోతే 20కో 30కో. 3,000కు కాదు.

ఈ నిర్లక్ష్యం ఎక్కడికి దారితీస్తుందో తైవాన్‌లో కంటికే కనిపించింది. ఎర్‌రెన్ నది ఒడ్డున పాత లోహపు తుక్కును యాసిడ్‌తో కడిగి రాగి తీసే షాపులు వందల్లో ఉండేవి. 1986 జనవరిలో ఆ నది సముద్రంలో కలిసే చోట పెంపకపు ఆల్చిప్పలు ఆకుపచ్చగా మారాయి. తర్వాతి సంవత్సరాల్లో అక్కడి ఆల్చిప్పల ఎండు మాంసంలో గ్రాముకు 4 వేల మైక్రోగ్రాములకు పైగా రాగి కనిపించింది. పాలో ఆల్టో గుల్లల సగటు అధ్వాన దశలోనూ అందులో పదో వంతుకు చేరలేదు. పెంచినవాళ్ల సరుకు కొనే దిక్కు లేకపోయింది. ఆ నదిని బాగుచేయడానికి దశాబ్దాలు పట్టింది.

మన దగ్గర నేను ముందుగా చూసే చోటు మచిలీపట్నం. చిలకలపూడి గిల్టు నగలకు తరాల పేరుంది. రోల్డ్‌గోల్డ్ నగలు తీగ దగ్గర నుంచి పూత దాకా రాగి, ఇత్తడి మీదే తయారవుతాయి. బంగారు పూత కింద రాగి పొర ఉంటుంది, బాత్‌లో సయనైడ్ ఉంటుంది. పోతేపల్లిలో నగల పార్కు వచ్చినా, పని చాలావరకు ఇళ్లలోనూ చిన్న గదుల్లోనూ జరిగే వృత్తి ఇది. ఒక్కో గది వదిలే రాగి చెంచాడే కావచ్చు. కానీ చుట్టూ ఉన్నది మామూలు నేల కాదు. కృష్ణ సముద్రంలో కలిసే డెల్టా అది. కాల్వలు, మడ అడవులు, పీతలు, గుల్లలు, రొయ్యల చెరువులు ఉన్న నేల. అక్కడి బురదలో రాగి పేరుకుందని నేను ఆరోపించడం లేదు. ఉందో లేదో తెలుసుకునే ఏర్పాటు ఉండాలంటున్నాను. నగల పనివాళ్లను దొంగల్లా చూసి గదులకు తాళాలేస్తే, ఆ బాత్‌లు మరో సందులోకి మారతాయి, ఇంకా లోతుగా దాక్కుంటాయి. కడుగు నీళ్లను డ్రమ్ముల్లో సేకరించే బండి, రకం వారీగా వాటిని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం, వచ్చిన రాగికి ఎంతో కొంత ధర ఇస్తే వాళ్లే తెచ్చి పోస్తారు.

రెండో చోటు దక్షిణాన ఉంది. 2025లో కేంద్రం ఆమోదించిన ఎలక్ట్రానిక్ విడిభాగాల తయారీ పథకంలో బహుళ పొరల సర్క్యూట్ బోర్డులకూ ప్రోత్సాహకాలున్నాయి. శ్రీసిటీ వైపు ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలు ఇప్పటికే వరస కట్టాయి, దాని పక్కనే పులికాట్ సరస్సు ఉంది. ఈడీటీఏ, అమ్మోనియా కలిసిన నీళ్లకు వేరే గొట్టం, వేరే శుద్ధి ఉండాలన్నది ప్లాంటు కట్టేటప్పుడే అనుమతి పత్రంలో రాయాలి. కట్టాక చెబితే నేల తవ్వాలి, ఖర్చు పదింతలని పరిశ్రమ కోర్టుకెళుతుంది. రోజుకు ఇన్ని గ్రాముల రాగి అనే పరిమితి కూడా ఆ పత్రంలోనే ఉండాలి.

బురదలో కొలిచే పనికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. మచిలీపట్నంలోనే కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. గుల్ల మాంసంలో లోహాలు కొలిచే పరికరాలు రాష్ట్రంలో లేకపోలేదు. ఎక్కడ ఏరాలో ఒకసారి నిర్ణయించి ఏళ్ల తరబడి అక్కడే ఏరాలి. ఒకే సైజు గుల్లలు తీసుకోవాలి. కడుపులోని మట్టి పోయేదాకా రెండు రోజులు శుభ్రమైన నీటిలో ఉంచి అప్పుడు కొలవాలి. వానాకాలానికి ముందు ఒకసారి, వరద తగ్గాక ఒకసారి అయినా చేయాలి. గుల్ల బరువు రుతువును బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది, ఒక్క నమూనాతో ఏదీ తేలదు. పులికాట్ దగ్గర ఇది కర్మాగారం మొదటి బ్యాచ్ వదలకముందే మొదలవ్వాలి. పాలో ఆల్టో శాస్త్రవేత్తలకు ఆ అవకాశం దొరకలేదు. వాళ్లు 1974లో బురద తవ్వేసరికే గుల్లల పునరుత్పత్తి దెబ్బతిని ఉంది.